పాతరలో వాన

నేను కాపురానికి వచ్చిన ఏడాది, ఉత్తర కార్తె ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున చీర చెంగు నడుముకు బిగించుకుని, చీపురు పట్టుకుని మిద్దె ఎక్కాను. పక్కింటామె పేడ ఎత్తుతున్నదల్లా ఆగి తలెత్తి చూసింది. ఎదురింటామె వాకిట్లోకే వచ్చి మా అత్తను అడిగింది.

"ఏమక్కా, కొత్త కోడలు మిద్దె మింద ఏం చేస్తాండాది?"

"నాకేం తెలుసు? నన్నడిగి ఎక్కిందా?" అంది మా అత్త, చేటలో శెనక్కాయలు వలుస్తూ.

నేను చేస్తున్నది పెద్ద పనేమీ కాదు. దోనెలు శుభ్రం చేస్తున్నాను. మాది కంబదూరు పక్కన పల్లె. ఇల్లు బండల మిద్దె, పైన సున్నపు గచ్చు. మిద్దె మీద పడిన వాన నిలవకుండా పోవడానికి ముందు గోడకు నాలుగు రాతి దోనెలు ఉన్నాయి. ఒక్కొక్కటి గోడ దాటి మూరెడు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ నాలుగింటిలోనూ ఏళ్ల తరబడి మట్టి, వేపాకు, శెనక్కాయ పొట్టు చేరి గట్టిపడిపోయాయి. ఒకదాంట్లో గడ్డి మొలిచి, అక్కడే ఎండి కూడా పోయింది. ఇనుప ఊచతో పొడిస్తే తప్ప రాలేదు.

"వానే లేకపాయె. దోనెలు కడిగి ఎవురికి చూపియ్యల్ల మే?" అని అత్త కింది నుంచి అరిచింది.

"వాన వచ్చినాక కడగలేం కదత్తా," అన్నాను.

ఆ మాట నాది కాదు, మా నాయనది.

మా నాయన గుంతకల్లులో రైల్వే ఫిట్టరు. మేమున్న క్వార్టరుకు పెంకుల కప్పు. చూరు పొడుగునా రేకు దోనె, దాని చివర గోడ వెంబడి కిందికి దిగే గొట్టం. వినాయక చవితి దాటాక వచ్చే ఆదివారం ఆయన నిచ్చెన వేసేవాడు. నిచ్చెన పట్టుకునే పని నాది. పైనుంచి చెత్త పిడికిళ్లతో తీసి గంపలోకి వేసేవాడు. ఆఖరున ఒక చెంబెడు నీళ్లు పోసి, అవి ఎక్కడా ఆగకుండా గొట్టంలోంచి వచ్చి మురుగు మోరీలో పడేదాకా దిగేవాడు కాదు. నాకు పన్నెండేళ్లు వచ్చాక నన్నే ఎక్కించాడు. "ఆడపిల్లను ఎక్కిస్తావా?" అని మా అమ్మ అంటే, "దానికీ చేతులుండాయి కదా," అన్నాడు. మా లైనులో అన్ని ఇళ్ల గోడలకూ వానల్లో చెమ్మ పట్టేది. మా ఇంటికి పట్టేది కాదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం మా నాయనకు ఇష్టం. నాకూ ఇష్టమే.

పల్లెకు వచ్చాక నీళ్ల కష్టం అంటే ఏమిటో తెలిసింది. ఊరి బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లలో కందిపప్పు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మరిగినా గింజకు గింజగానే ఉండేది. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టేది. ఊళ్లో పిల్లలు నవ్వితే పళ్ల మీద పసుపు గార. తాగే నీళ్ల కోసం మా ఆయన సైకిలుకు రెండు ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని, రెండు మైళ్ల అవతలి తోట బావికి పోయి వచ్చేవాడు. ఆ నీళ్లు వంటకు వాడటం మా అత్త లెక్కలో పాపం.

నేను దోనెలు కడిగిన ఏడాది హస్త కార్తెలో ఒక మధ్యాహ్నం వాన పడింది. పడుతుందని నేనూ అనుకోలేదు. ఆరేసిన మిరపకాయలు లోపల వేసి, బిందెలు వెతికి, తోమి, బయటికి తెచ్చేసరికి అరగంట అయింది. మొదటి దోనె కింద పెట్టిన బిందె నేను రెండోది పెట్టేలోపే నిండిపోయింది. అన్నీ కలిపి ఏడు బిందెలు పట్టాను. మర్నాడు ఆ నీళ్లతో పప్పు వేశాను. పొయ్యి మీద పెట్టి, చెట్నీ నూరి వచ్చేసరికి పప్పు మెత్తగా విడిపోయి ఉంది.

మా అత్తకు అప్పటికే దవడ పళ్లు లేవు. రోజూ పప్పు గింజల్ని వేలితో పక్కకు తోసి, నీళ్లు మాత్రం ముద్దలో కలుపుకునేది. ఆ రోజు ఒక ముద్ద తిని ఆగింది.

"ఇది ఏ నీళ్లతో ఉడికినాది మే?"

"మన మిద్దె నీళ్లేనత్తా."

అత్త గిన్నె తన దగ్గరికి లాక్కుని ఇంకో గరిటె వేసుకుంది. ఆమె మెచ్చుకోవడం అలాగే ఉంటుందని నాకు తర్వాత తర్వాత అర్థమైంది.

ఆ ధైర్యంతో వారం తిరక్కుండానే పాతర మాట ఎత్తాను. మా వాకిట్లో, దోనెలున్న గోడకు పది అడుగుల దూరంలో, ఒక పాతర ఉంది. పాతర అంటే జొన్నలు దాచుకునే గుంత. నేలలోకి నిలువుగా తవ్వి, చుట్టూ రాళ్లు పేర్చి కట్టినది. మూతి ఒక మనిషి పట్టేంత సన్నం, లోపల పొట్ట లావు. పైన బండ మూసి ఉంటుంది. ఊరంతా శెనక్కాయ వేయడం మొదలుపెట్టాక జొన్న పండించేవాళ్లు లేరు. పాతర ఖాళీగా పడి ఉంది. దోనెల కింద రేకు పెట్టి, పైపు దించి, వాన నీళ్లు దాంట్లోకి మళ్లిస్తే బాగుంటుందని నేను అన్నాను.

మా అత్త చేతిలో చేట కింద పెట్టేసింది.

"గింజలు దాచిన పొట్టలో నీళ్లు పోస్తావా? మా మామ కట్టించినాడు దాన్ని. కరువులో ఇంటిని బతికించినాది ఆ పాతర. ఇంగోసారి ఆ మాట నా చెవిన పడకూడదు."

మా ఆయన వైపు చూశాను. ఆయన సైకిలు చక్రానికి గాలి కొడుతూ తల దించుకున్నాడు. నేను ఊరుకున్నాను. అలిగానని కూడా చెప్పుకోవాలి. రెండు రోజులు అత్తతో అవసరమైన మాటలే మాట్లాడాను.

ఆ తర్వాతి ఎండాకాలం తోట బావి అడుగంటింది. బిందెడు నీళ్లు ఊరడానికి గంట కాచుకోవాలి. ఒకరోజు మా ఆయన చీకటితో పోయినవాడు ఎండెక్కాక వచ్చాడు. వాలులో సైకిలు జారి పడ్డాడట. ఒక బిందె పగిలింది, ఇంకోదాంట్లో సగం నీళ్లున్నాయి. మోకాలు దోక్కుపోయి నెత్తురు కారుతోంది. ఆయన దెబ్బ సంగతి చెప్పకుండా, "ఒక బిందె పోయినాది మా," అని తల్లితో అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలాగా.

అత్త పసుపు తెచ్చి మోకాలికి అద్దింది. అద్దుతూనే, తల ఎత్తకుండా, "సాయంత్రం ఆ పాతర బండ తియ్యి," అంది.

బండ తీశాక ఒక పగలూ ఒక రాత్రీ అలాగే వదిలేయమంది. మూసిన పాతరలో చెడుగాలి ఉంటుంది, దిగిన మనిషి మళ్లీ రాడు. మర్నాడు లాంతరు వెలిగించి తాడుతో లోపలికి వదిలింది. అడుగుదాకా పోయినా దీపం ఆరలేదు. రెండోసారి వదిలింది. అప్పుడూ ఆరలేదు. ఇక ఎవరు దిగాలి? మా ఆయన భుజాలు మూతిలో పట్టలేదు. నేను సన్నగా ఉండేదాన్ని. నిచ్చెన దించుకుని దిగాను. లోపల చల్లగా, పాత జొన్నల వాసనతో ఉంది.

మూడు రోజులు లోపలి రాళ్లకు నేనే సిమెంటు పూశాను. మా ఆయన పైన కలిపి బకెట్టుతో దించేవాడు. అత్త మూతి దగ్గర కూచుని కదిలేది కాదు.

"మాట్లాడతా ఉండు మే. మాట ఆగితే నాకు భయం."

"ఏం మాట్లాడాలత్తా? చేతిలో పని ఉండాది."

"అయితే నేను చెప్తా. నువ్వు ఊఁ కొట్టు."

అలా మొదలుపెట్టి చెప్పింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒక పెద్ద కరువు వచ్చిందట. పాతరలో జొన్నలు అడుగుకు పోయాయి. గంపతో చేదితే అందడం లేదు. ఇంట్లో సన్నటి మనిషి ఆమే. నడుముకు తాడు కట్టి దించారు. అడుగున రాళ్ల సందుల్లో ఇరుక్కున్న గింజల్ని చీపురుతో ఊడ్చి, గంపకెత్తి, పైకి పంపింది.

"మా అత్త ఇట్లనే ఈడ కూచుని, మాట్లాడతా ఉండు, మాట్లాడతా ఉండు అని ఒకటే గోల. ఆ గింజలతో పన్నెండు దినాలు అంబలి కాచినాము."

నేను ఊఁ కొట్టడం మరిచిపోయాను. "మే!" అని గట్టిగా అరిచింది. "ఉండాను అత్తా," అన్నాను. ఆమె పాదాలు తగిలిన చోటే నేను నిలబడి ఉన్నాను. ఆ రోజు దాకా నాకు ఆమె అత్త మాత్రమే. ఆ రోజు నుంచి నాకంటే ముందు అదే పని చేసిన మనిషి.

రేకు పనివాడి దగ్గర అర్ధచంద్రంగా వంచిన రేకు చేయించి, నాలుగు రాతి దోనెల కిందా వాలుగా బిగించాము. కిందికి దించే పైపు కొనే అవసరం రాలేదు. అంతకు రెండేళ్ల ముందు మా చేలో బోరు ఎండిపోతే పీకేసిన పైపులు దొడ్లో పడి ఉన్నాయి. మా ఆయన వాటివైపు చూడటానికే ఇష్టపడేవాడు కాదు. ఇప్పుడు తానే వాటిని తోమి, కొలిచి, కోసి తెచ్చాడు. మిద్దె ఊడ్చాను. దోనెలు కడిగాను. మా నాయనలాగే చెంబెడు నీళ్లు పోసి చూశాను. ఆగకుండా పోయి పాతరలో పడ్డాయి. నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను.

ఉత్తరలో వాన పడింది. పాతరలో మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఇంటిల్లిపాదీ వంగి వంగి చూశాము. నాలుగో రోజు అత్త ఒక చెంబు చేది, ముక్కు దగ్గర పెట్టుకుని, నా చేతికిచ్చింది. వాసన. నీళ్ల మీద సన్నటి జిగట. పావురాల రెట్టలు, గచ్చు మీది దుమ్ము, అన్నీ కలిసి కుళ్లాయి. మాట క్షణంలో వీధి దాటింది.

"పాతరా పాయె, నీళ్లూ పాయె," అని ఎదురింటామె అన్నది నాకు వినపడాలనే అంది.

నేను వంటింట్లో కూచుని ఏడ్చాను. అత్త గుమ్మంలో నిలబడి, "ఏడ్చేది తర్వాత ఏడుద్దువు. ముందు నీళ్లు తోడు దా," అంది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితేనే బాగుండేది. పొద్దంతా తోడి పాతర పక్కనున్న మిరప మడికి పోశాము. నేను లోపలికి దిగి సున్నపు నీళ్లతో గోడలు కడిగి వచ్చాను.

ఉత్తరం రాస్తే మా నాయన వారానికి వచ్చాడు. సంచి కింద పెట్టకముందే మిద్దె, దోనెలు, పైపు, పాతర అన్నీ చూశాడు. చూసి నవ్వాడు.

"మొదటి వాన మిద్దెను కడిగే నీళ్లు కదమ్మా. వాటిని పక్కకి ఇడిచిపెట్టల్ల. ఆ తర్వాతవి పట్టుకోవల్ల."

"ఆ మాట నువ్వు యాడ చెప్పినావు నాయనా? మన క్వార్టరులో నీళ్లు మోరీకి పోతాండె కదా!"

"అవును, చెప్పలేదు," అని ఒప్పుకున్నాడు. కిందటేడు నేను పట్టిన ఏడు బిందెలు ఎందుకు తియ్యగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. మిరపకాయలు లోపల వేయడానికి పోయిన అరగంటే నన్ను కాపాడింది.

పైపు కింది చివర ఆయన ఒక వంపు ముక్క అంటించకుండా ఊరికే తొడిగాడు. చేత్తో అటు తిప్పితే నీళ్లు మిరప మడికి పోతాయి, ఇటు తిప్పితే పాతరలోకి. పాతర మూతికి అత్త తన పాత నూలు చీర ముక్క నాలుగు మడతలు వేసి కట్టింది.

"నీ కూతురు శానా మొండిది అన్నా," అంది అత్త ఆయనకు మజ్జిగ ఇస్తూ.

"నీ ఇంటికొచ్చినాక అయినాది కాదు వదినా. పుట్టినప్పటి నుంచీ అంతే," అన్నాడు మా నాయన. ఇద్దరూ నా ముందే నన్ను గురించి నవ్వుకున్నారు.

హస్త పొడిగానే పోయింది. చిత్త కార్తెలో ఒక సాయంత్రం పడమట మబ్బు నల్లగా లేచింది. ఈసారి నేను ముందే మిద్దె ఊడ్చి, దోనెల్లో చెంబు నీళ్లు పోసి చూసుకున్నాను. వాన మొదలుకాగానే పోయి పైపు దగ్గర నిలబడ్డాను.

"తడిసి చస్తావు మే, లోపలికి రా!" అని అత్త గుమ్మంలోంచి అరుస్తూనే ఉంది.

నీళ్లు దోసిట్లో పట్టి చూశాను. టీ రంగు. మిరప మడికి వదిలాను. కాసేపయ్యాక మళ్లీ పట్టి చూశాను. గంజి రంగు. ఇంకా వదిలాను. వాన ఆగిపోతుందేమోనని భయంగా ఉంది, అయినా తిప్పలేదు. మూడోసారి పడితే నా అరచేతి గీతలు కనిపించాయి. అప్పుడు వంపు ముక్కను పాతర వైపు తిప్పాను. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు పెద్ద కాగులో పోసినట్టు మోగింది. అత్త గోనెసంచి తల మీద కప్పుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

ఆ నీళ్లు శివరాత్రి దాటేదాకా వచ్చాయి. మా ఆయన సైకిలు మీద బిందెలు లేకుండా కంబదూరు పోయి వస్తుంటే, ఊళ్లో కొందరు ఆపి అడిగేవారు. "నీళ్లకి పోవడంలేదేమప్పా?" అంటే, "ఇంట్లోనే ఉండాయి," అని చెప్పి తొక్కుకుంటూ వచ్చేసేవాడు. ఆయన తల ఎత్తి ఆ మాట చెప్పడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

పండగలకు వీధిలోవాళ్లు పప్పు ఉడికించే నీళ్లకని చెంబులు పట్టుకుని వచ్చేవారు. ఎదురింటామె కూడా వచ్చింది. అత్త ఆమె చెంబు నింపి ఇచ్చి, "ఉడికినాక ఎట్లుండాదో చెప్పు," అని మాత్రం అంది. సాయంత్రానికి ఆమె గిన్నెలో కొంచెం పప్పు తెచ్చిపెట్టి పోయింది.

అన్ని ఏళ్లూ అలా లేవు. ఆ తర్వాత వచ్చిన కరువుల్లో పాతర సగం కూడా నిండని ఏళ్లున్నాయి. ఒక ఏడాదైతే పైపు వైపు చుక్క రాలేదు. అయినా ఉత్తరకు ముందు దోనెలు కడగడం ఒక్క ఏడాది మానలేదు. పిచ్చుక గూళ్లు, రబ్బరు బంతులు, ఒకసారి కాకి ఎత్తుకుపోయిన మా అత్త సబ్బు బిళ్ల, ఏదో ఒకటి దొరికేది. గూట్లో పిల్లలుంటే ఎగిరిపోయేదాకా ఆగేవాళ్లం. రెండో కాన్పుకు నేను నిండు నెలలతో ఉన్న ఏడాది, ఈసారి వద్దులే అన్నాను. మబ్బు జాడే లేదు. అరవై దాటిన అత్త కొంగు బిగించి తానే నిచ్చెన ఎక్కింది.

"వాన రాకుంటే దాని ఇష్టం. చెత్త పెట్టుకునుంటే మనకు నామోషి," అంది పైనుంచి.

ఆ రోజుల్లోనే ఇంకుడు గుంతలు తవ్వించమని చెప్పడానికి ఊళ్లోకి జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. ఎవరో మా ఇల్లు చూపించారు. ఆయన రేకు దోనె, పైపు, పాతర చుట్టూ తిరిగి చూసి, "ఎవరు చేశారయ్యా ఇది?" అని మా ఆయన్ను అడిగాడు.

"నేను కాదు సార్. పైపులు మాత్రం నావి," అన్నాడు మా ఆయన.

అత్త మధ్యలోకి వచ్చింది. "మా కోడలు చేసినాది. లోపల దిగి పూసింది కూడా అదే. నువ్వు ఈడ కూచో," అని కట్ట మీద కూచోబెట్టి, బండ జరిపించి, చెంబెడు నీళ్లు చేది ఇచ్చింది. ఆయన చంకలో నీళ్ల సీసా ఉంది. చెంబులోకి చూసి కొంచెం తటపటాయించాడు. అత్త కదలకుండా ఎదురుగా నిలబడింది. తాగాడు. సగంలో ఆగి, మిగతాది కూడా తాగాడు.

"తియ్యగా ఉన్నాయమ్మా," అన్నాడు.

"ఉండవా మల్ల?" అంది అత్త.

నేను తలుపు వెనక ఉన్నాను. 'మా కోడలు' అని ఆమె అన్న తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా నాయన మా క్వార్టరు గోడ గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు అలా ఉండేది.

ఆ మరుసటి ఏడాది నుంచి ఉత్తరకు ముందు మా వీధి ఆడవాళ్లు నన్ను పిలిచేవారు. మొదట రెండిళ్లు, తర్వాత ఐదారు. ఎవరి మిద్దె వాలు ఎటు ఉందో, ఎవరి దోనెలో నీళ్లు వెనక్కి తన్నుతాయో చూసి చెప్పేదాన్ని. అందరికీ పాతర్లు లేవు. సిమెంటు తొట్లు కట్టుకున్నారు, లేదంటే డ్రమ్ములు పెట్టుకున్నారు. మట్టి మిద్దెలవాళ్లకు మాత్రం కుదరలేదు, వాళ్ల నీళ్లు ఎప్పుడూ బురదే. వాళ్లకు మావి ఇచ్చేవాళ్లం.

కొన్నేళ్లకు ఊళ్లో స్లాబు ఇళ్లు మొదలయ్యాయి. వీధి చివర ఒక కొత్త ఇంటికి సెంట్రింగు కొట్టి కమ్మీ కట్టారు. ఒక మధ్యాహ్నం ఆ ఇంటి మేస్త్రీ మా వాకిట్లోకి వచ్చాడు. కల్యాణదుర్గం మనిషి, నేనెప్పుడూ చూడలేదు. తల మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఎల్లుండి స్లాబు పోస్తాండాం. ఇంటామె నిన్ను అడగందే పైపు పెట్టొద్దనె. యాడ పెట్టల్లో, వాలు ఎటు ఇయ్యల్లో ఒకసారి వచ్చి చెప్తావా?"

పోయాను. కమ్మీల మధ్య జాగ్రత్తగా అడుగులేస్తూ చెక్కల మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. వేపచెట్టు ఏ పక్క ఉందో, ఆకు ఎటు రాలుతుందో చూశాను. వంటిల్లు ఎటు వస్తుందో, తొట్టి ఎక్కడ కట్టుకుంటారో ఇంటామెను అడిగాను. చెట్టుకు దూరంగా ఉన్న మూలలో వంగి, ఎర్రటి ఇటుక ముక్కతో చెక్క మీద గుండ్రంగా ఒక గుర్తు గీశాను. దానికి ఎదురు మూల నుంచి ఇటు రెండు అంగుళాలు పల్లం ఇవ్వమన్నాను.

"రెండు చాలా అక్కా?" అన్నాడు మేస్త్రీ.

"చాలు," అన్నాను.

అతను మారు అడగలేదు. తన మనుషులను పిలిచి, "ఆ గుర్తు చెరపొద్దండి," అని చెప్పి, పైపు ముక్క తేవడానికి కిందికి దిగాడు.